ఇంట్లో నూనె దీపాలు: కుంది కొనడం నుంచి జిడ్డు వదిలించడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

దీపం సరిగ్గా వెలగకపోతే అందరూ ముందు నూనెను అనుమానిస్తారు. ఖరీదైన నూనె తెచ్చి పోస్తారు, అయినా పొగ వస్తూనే ఉంటుంది. నిజానికి దీపం నడవడిక చాలావరకు వత్తి మందం, నూనె మట్టం, గాలి వాటం మీద ఆధారపడుతుంది. ఈ మూడూ కుదిరితే మామూలు నూనెతోనే నిలకడగా వెలుగుతుంది. ఏ దిక్కున పెట్టాలి, ఏ దేవుడికి ఏ నూనె అన్నవి మీ ఇంటి ఆచారానికీ మీ పెద్దలకూ వదిలేసి, దీపం చక్కగా, ప్రమాదం లేకుండా వెలగడానికి ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

మొదటిసారి కొంటున్నాం. ఇత్తడివి తీసుకోవాలా, వెండివా, మట్టివా?

రోజూ వెలిగించడానికి ఇత్తడి కుందులు ఒక జత తీసుకోండి. బరువు వల్ల కదలకుండా కూర్చుంటాయి, వేడికి తట్టుకుంటాయి, ఎన్నిసార్లు తోమినా త్వరగా అరగవు. ప్రమిద పండగలకూ కార్తీక మాసానికీ బాగుంటుంది. కానీ మట్టి నూనె పీల్చేస్తుంది, ఒకసారి జిడ్డు పట్టాక పూర్తిగా శుభ్రం కాదు. వెండి కుందులు చూడ్డానికి ముచ్చటగా ఉన్నా చాలావరకు పల్చటి రేకుతో చేసి టంకం పెట్టినవే. నూనె అయిపోయి వత్తి అడుగంటా మాడితే ఆ వేడికి అతుకు వదులుతుంది. వెండివి వాడేవాళ్ళు నూనె అయ్యేదాకా దీపాన్ని వదిలేయకూడదు.

జర్మన్ సిల్వర్ పేరుతో బహుమతులుగా వచ్చే కుందులు చాలావరకు పైపూత సరుకు. నాలుగు తోముళ్ళకే పూత లేస్తుంది. వాటిని అలంకారానికి ఉంచుకోవడం మేలు.

కొట్టులో కుందిని ఎలా పరీక్షించాలి?

నాలుగు పనులు చేయండి. ఒకటి, చదునైన గాజు బల్ల మీద పెట్టి వేలితో పక్క నుంచి నెట్టండి. అటూ ఇటూ ఊగితే అడుగు సమంగా లేనట్టే. పొడుగు కుందికి అడుగు వెడల్పు కనీసం ఎత్తులో మూడో వంతు ఉండాలి. రెండు, చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కుంటే లోపల ఇనుము ఉంది, పైన ఇత్తడి పూత మాత్రమే. మూడు, గిన్నె లోతు చూడండి. అర అంగుళం కూడా లోతు లేని కుందిలో నూనె త్వరగా అయిపోతుంది, మంట నూనెకు మరీ దగ్గరగా ఉండి లోహం వేడెక్కుతుంది.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. వత్తి ఆనే ముక్కు గిన్నె అంచు కన్నా కాస్త పైకి లేచి ఉండాలి. ముక్కు కిందికి వాలిన కుందులు నూనె కారుస్తాయి. ఎందుకో కింద వేరే ప్రశ్నలో చెప్పాం.

మరలతో విడదీసే సెమ్మె (పొడుగాటి దీపస్తంభం) కొంటుంటే ఇంటికి తెచ్చాక పై గిన్నెలో నీళ్ళు పోసి, అడుగున పాత పేపరు పరిచి గంటసేపు వదిలేయండి. మర దగ్గర చెమ్మ కనిపిస్తే మార్చుకోండి. నీళ్ళు కారిన చోట రేపు నూనె కూడా కారుతుంది.

ఇత్తడి దీపాలకు ఏ ఊరి పని పేరున్నది?

శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. తణుకు దగ్గరి అజ్జరంలో ఇత్తడి సామాను తరతరాలుగా చేస్తున్నారు. జనగామ జిల్లా పెంబర్తి పేరు ఎక్కువగా రేకు మీద నగిషీకి వచ్చింది. నిలువెత్తు సెమ్మెలు కావాలంటే తంజావూరు జిల్లా నాచియార్‌కోయిల్ పోత పని చూడదగ్గది. పేరు కన్నా తూకం, పైన చెప్పిన పరీక్షలు ముఖ్యం.

కొత్త ప్రమిదలను నీళ్ళలో ఎందుకు నానబెడతారు?

కాల్చిన మట్టిలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పొడి ప్రమిదలో నూనె పోస్తే అది సగం తాగేస్తుంది, అడుగు నుంచి కారి ముగ్గు మీద మరక పడుతుంది. నీళ్ళలో వేయగానే బుడగలు వస్తాయి చూడండి, అవి ఆ రంధ్రాల్లోని గాలే. బుడగలు ఆగేదాకా, అంటే రెండు మూడు గంటలు నాననిచ్చి, బయటికి తీసి లోపలి తడి గుడ్డతో తుడిచి, నీడన ఓ గంట ఆరనివ్వండి. పైన పొడిగా, లోపల చెమ్మగా ఉండాలి. పూర్తిగా ఎండబెడితే నానబెట్టిన ఫలితం పోతుంది. తడిగానే నూనె పోస్తే వత్తి చిటపటలాడుతుంది.

రంగులు వేసిన ప్రమిదల్లో లోపలి వైపు, అంచు మీద రంగు లేనివే ఏరుకోండి. మంట తగిలే చోట పెయింటు ఉంటే కమిలి ఘాటు వాసన వస్తుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. ప్రమిద కింద ఇంకో ప్రమిద పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కారిన నూనె ఆ కింది దానిలోనే ఆగుతుంది కాబట్టి అది పనికొచ్చే అలవాటు.

ఏ నూనె వాడాలి?

నువ్వుల నూనె. రోజువారీ దీపానికి దీన్ని మించిన సౌలభ్యం ఇంకో నూనెలో లేదన్నది మా అభిప్రాయం. వత్తిలోకి సులువుగా ఎక్కుతుంది, మన చలికి గడ్డకట్టదు, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. గానుగ నూనె తెచ్చుకుంటే రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి పైన తేరుకున్న నూనె మాత్రమే దీపానికి వంచండి. అడుగున దిగే మడ్డి వత్తి పోగుల మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు నూనె పైకి ఎక్కక మంట చిన్నదైపోతుంది.

కొబ్బరి నూనె మంట తేటగా ఉంటుంది, మసి తక్కువ. కానీ సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఆదిలాబాదులోనో అరకులోనో సీసాలోంచి బయటికి కూడా రాదు. అప్పుడు నువ్వుల నూనెతో సగం సగం కలపండి.

ఆముదం నెమ్మదిగా, చాలాసేపు వెలుగుతుంది. ఒకప్పుడు పల్లెల్లో రాత్రంతా వెలిగిన గుడ్డి దీపాలు ఆముదానివే. చిక్కు ఏమిటంటే నువ్వుల నూనె కన్నా పది రెట్లకు పైగా చిక్కన. సన్నటి వత్తి దాన్ని పైకి లాగలేదు, మంట నలకంత అయిపోతుంది. ఆముదం ఒక వంతు, నువ్వుల నూనె రెండు వంతులు కలిపితే రెండింటి మేలూ దక్కుతుంది. వట్టి ఆముదమే పోయాలనుకుంటే వదులుగా చేసిన లావు వత్తి వేయాలి.

ఇప్ప నూనె, వేప నూనె ఆచారం ఉన్నవాళ్ళు వాడతారు. వేప నూనె వాసన మూసిన గదిలో భరించడం కష్టం, అరుగు మీదో తులసి కోట దగ్గరో పెట్టండి. పామాయిల్ చలికి పేరుకుంటుంది. వేరుశనగ నూనె మండటానికి మండుతుంది కానీ దీపారాధనకు వాడకపోవడం మన దగ్గర ఆనవాయితీ.

నెయ్యి దీపానికి ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

ఇంట్లో కాచిన నెయ్యి అయితే అడుగున గసి రాకుండా పల్చటి గుడ్డలో వడకట్టండి. పాల పదార్థం మిగిలితే వత్తి కొసన నల్లగా మాడి గట్టిపడుతుంది. నెయ్యికి పడుకోబెట్టే అడ్డ వత్తి కన్నా, గుండ్రటి అడుగుతో నిలబడే పువ్వొత్తి నప్పుతుంది. మంట గిన్నె మధ్యలో ఉంటుంది కాబట్టి చుట్టూ పేరుకున్న నెయ్యి ఆ వేడికే కరుగుతూ వస్తుంది. ముక్కు కుందిలో అడ్డ వత్తితో నెయ్యి పెడితే మంట ఒక చివర, పేరుకున్న నెయ్యి ఇంకో చివర ఉండిపోయి కాసేపటికి దీపం కొండెక్కుతుంది. చలికాలంలో నెయ్యిని గోరువెచ్చగా కరిగించి, వత్తిని అందులో పూర్తిగా ముంచి తీసి పెట్టండి.

బజారులో దొరికే నెయ్యి వత్తుల్లో నెయ్యికి బదులు వనస్పతి వాడినవి చాలా ఉంటాయి. డబ్బా మీద ఏం రాశారో చదివి కొనండి.

‘దీపారాధన నూనె’ అని అమ్మే సీసాలు మంచివేనా?

అన్నీ ఒకటి కావు. కొన్నిటిలో నువ్వుల నూనె, తవుడు నూనె, ఆముదం లాంటివి కలిపి ఉంటాయి, అవి బాగానే పనిచేస్తాయి. కొన్నిటిలో పెట్రోలియం నుంచి తీసిన తెల్ల నూనె, సువాసన, రంగు కలుస్తాయి. సీసా మీద ఏయే నూనెలు ఎంతెంత ఉన్నాయో రాయకపోతే తీసుకోకండి. నీళ్ళలా పల్చగా ఉండి, వేళ్ళ మధ్య రుద్దితే నూనె జిడ్డు తెలియకపోయినా అనుమానించాల్సిందే.

ఇవి తినడానికి పనికిరావని సీసా మీదే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. అచ్చం వంట నూనె సీసాలా కనిపిస్తాయి కాబట్టి వంటింటి అరలో పెట్టకండి. పిల్లలకు అందని చోట ఉంచండి. తెల్ల నూనె పొరపాటున పిల్లలు తాగి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వంటకు వాడిన నూనె పోయొచ్చా?

వద్దు. అందులోని ఉప్పు, తేమ, మాడిన పిండి వత్తిని మూసేస్తాయి.

కిరోసిన్ కొద్దిగా కలిపితే త్వరగా అంటుకుంటుంది కదా?

ఎప్పుడూ కలపకండి. వంట నూనెలు 200 డిగ్రీలు దాటితే కానీ అంటుకునే ఆవిరి ఇవ్వవు. అందుకే ప్రమిదలో నూనె ఉండగా వత్తి ఒక్కటే మండుతుంది. కిరోసిన్ ఆవిరి మన ఎండాకాలపు వేడికే నిప్పు అందుకునే స్థితికి వస్తుంది. తెరిచి ఉన్న కుందిలో అది ఉంటే గిన్నె మొత్తం భగ్గుమంటుంది. పెట్రోలు, స్పిరిట్, శానిటైజరు ఇంకా ప్రమాదం. త్వరగా అంటుకోవాలంటే వత్తిని నూనెలో పూర్తిగా తడిపి, కొసన చిటికెడు కర్పూరం పొడి అద్దండి, చాలు.

వత్తి ఎంత మందం, ఎంత పొడవు ఉండాలి? ఇంట్లో ఎలా చేసుకోవాలి?

మామూలు కుందికి బెత్తెడు పొడవు, అగ్గిపుల్లకు ఒకటిన్నర రెట్లు మందం సరిపోతుంది. మంటకు ఇంధనం మోసుకొచ్చేది వత్తే కాబట్టి దాని మందమే మంట పరిమాణాన్ని తేలుస్తుంది. లావైతే నూనె ఎక్కువగా వచ్చి, పూర్తిగా కాలక మసి అవుతుంది. గట్టిగా మెలిపెడితే పోగుల మధ్య సందు లేక నూనె ఎక్కదు. కాబట్టి సన్నగా, వదులుగా చేయడమే వత్తిలోని కిటుకు.

అడ్డ వత్తికి: గింజలూ పొట్టూ ఏరేసిన దూదిని చేత్తో విడదీసి మబ్బులా పరచండి. బెత్తెడు పొడవున పల్చటి పట్టీ తీసుకోండి. అరచేతికి కాస్త విభూతి రాసుకుంటే దూది జారకుండా పట్టు దొరుకుతుంది. అరచేతుల మధ్య ఒకే దిశలో నాలుగైదు సార్లు దొర్లించండి. ముందుకీ వెనక్కీ దొర్లిస్తే మెలిక విప్పుకుపోతుంది. రెండు పోగులు కలిపి పెట్టే ఆచారం ఉంటే ఒక్కోటి ఇంకా సన్నగా చేసుకోండి. లేకపోతే రెండూ కలిసి లావైపోతాయి.

పువ్వొత్తికి: రూపాయి బిళ్ళంత గుండ్రటి దూది బిళ్ళ పరచి, మధ్యలో చిన్న దూది ఉండ పెట్టి, అంచులన్నీ పైకి లాగి కొసను మెలిపెట్టండి. నిలబడే కొస ఒక సెంటీమీటరు మించకూడదు. అడుగు గుండ్రంగా, నిండుగా ఉంటే పడిపోదు.

కొన్న వత్తులు కరిగినట్టయి ముద్ద కడుతున్నాయి. ఎందుకు?

అందులో పాలిస్టరు పోగు కలిసింది. పొడి వత్తి ఒకటి పటకారుతో పట్టుకుని అంటించి చూడండి. అసలైన పత్తి కాగితం కాలిన వాసన వేసి, వేలితో తాకితే రాలే మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు ముడుచుకుని గట్టి నల్ల పూసలా మిగులుతుంది, ప్లాస్టిక్ వాసన వేస్తుంది.

దీపం పొగ చిమ్ముతోంది, గోడ నల్లబడుతోంది.

ముందు వత్తి కొస చూడండి. అంచు దాటి బయటికి వచ్చిన భాగం అర సెంటీమీటరు కన్నా ఎక్కువ ఉంటే పుల్లతో లోపలికి లాగండి. మంట ఒక అంగుళం, అంగుళంన్నర ఎత్తులో, కొస సన్నగా తేలి నిలబడితే మసి దాదాపు ఉండదు. మంట కొస రెండుగా చీలి ఎర్రగా ఆడుతుంటే వత్తి ఎక్కువైనట్టు.

తరువాత గాలి. ఫ్యాను గాలి మంటను పక్కకు వంచుతుంది, కాలడానికి సరిపడా వేడి నిలవక మసి బయటికి వచ్చేస్తుంది. అలాగని మూడు వైపులా మూసిన ఇరుకు గూట్లోకి నెట్టినా పొగే, గాలి ఆడదు కనుక. ఫ్యాను గాలి నేరుగా తగలని, పైన కనీసం రెండడుగులు ఖాళీ ఉన్న చోటు చూడండి. వత్తి కొసన పువ్వులా పేరుకునే గట్టి మసిని కూడా రోజూ తీసేయాలి. నిన్నటి మాడిన వత్తినే మళ్ళీ వెలిగిస్తే ఈ మసే పొగకు మొదటి కారణం.

చిటపటలాడుతోంది, నిప్పురవ్వలు ఎగురుతున్నాయి.

తేమ. తోమిన కుందిని ఆరకుండానే వాడారా, తడి చేత్తో వత్తి పట్టుకున్నారా, పూలు చల్లిన నీళ్ళు గిన్నెలో పడ్డాయా చూడండి. నీరు వత్తి గుండా మంట దగ్గరికి చేరి ఒక్కసారిగా ఆవిరవుతుంటే వచ్చే చప్పుడు అది. దీపాన్ని కొండెక్కించి, నూనె వంపేసి, కుందిని పొడిగా తుడిచి కొత్త వత్తి వేయాలి. తడిసిన వత్తి ఎంతసేపు వెలిగించినా బాగుపడదు.

రాత్రి బాగానే ఉన్న కుంది పొద్దున చూస్తే ఖాళీ, పళ్ళెం నిండా నూనె. కుందికి చిల్లు పడిందా?

చాలాసార్లు కుందిలో లోపం ఏమీ ఉండదు. వత్తి కొస ముక్కు దాటి, నూనె మట్టం కన్నా కిందికి వాలి ఉంటుంది. మంట ఉన్నంతసేపు వచ్చిన నూనె కాలిపోతుంది. దీపం కొండెక్కాక కాల్చేవాళ్ళు లేరు, వత్తి మాత్రం నూనెను లాగుతూనే ఉంటుంది. పైనున్న నూనె వత్తి గుండా కిందికి దిగి బొట్టుబొట్టుగా కారుతూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగదు. దీనికి మూడు జాగ్రత్తలు: నూనె అంచు దాకా కాకుండా ముప్పాతిక వంతే పోయండి, కొసను పైకి నిలబెట్టండి, దీపం కొండెక్కాక వత్తిని మొత్తం గిన్నెలోకి లాగేయండి. అయినా కారుతుంటే అప్పుడు నీళ్ళు పోసి చిల్లు కోసం చూడండి.

నూనె నిండుగా ఉన్నా పది నిమిషాల్లో కొండెక్కుతోంది.

వత్తిని పూర్తిగా తడపకుండా కొస మాత్రమే తడిపి ఉంటారు. లేదా వత్తి గట్టిగా మెలిపడి ఉంటుంది. లేదా నూనె మట్టానికీ మంటకూ మధ్య దూరం ఎక్కువ. నూనె వత్తిలో సులువుగా ఎక్కేది రెండు మూడు సెంటీమీటర్లే. లోతు గిన్నెలో అడుగున కాస్త నూనె పోసి అంచున మంట పెడితే అందదు. లోతు కుందిలో నూనె తక్కువ పోయాలనుకుంటే పువ్వొత్తి వాడండి.

ఎంత నూనె ఎంతసేపు వస్తుంది?

సన్నటి వత్తి ఒకటి గంటకు 3 నుంచి 6 మిల్లీలీటర్లు కాలుస్తుంది. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు గంట అనుకోవచ్చు. మీ కుంది లెక్క తెలుసుకోవాలంటే వత్తిని ముందే తడిపి, మూడు చెంచాల నూనె కొలిచి పోసి, వెలిగించిన వేళ, కొండెక్కిన వేళ రాసుకోండి. ఆ తరువాత అంచనాలతో పని ఉండదు. పూజకు అరగంట దీపం చాలనుకుంటే ఒక చెంచా పోస్తే సరిపోతుంది. నింపి పెట్టి ఊరెళ్ళిపోవడం మంచిది కాదు.

నవరాత్రులకు అఖండ దీపం పెట్టాలనుకుంటున్నాం. ఎలా నిలబెట్టాలి?

పెద్ద గిన్నె, పొడుగు వత్తి, పగలూ రాత్రీ వంతులేసుకునే మనుషులు, ఈ మూడూ సమకూరితేనే పెట్టండి. గిన్నె 250 మిల్లీలీటర్లకు తగ్గకుండా పట్టాలి. వత్తి జానెడు పొడవు, పెన్సిలంత మందం, వదులుగా చేసి ముందు రాత్రే నూనెలో నానేయండి. గంటకు 5 మిల్లీలీటర్ల లెక్కన రోజుకు 120, తొమ్మిది రోజులకు లీటరు పైచిలుకు నూనె కావాలి. లావు వత్తి కాబట్టి రెండు లీటర్లు సిద్ధంగా ఉంచుకోండి.

గిన్నె సగానికి రాకముందే నూనె పోయండి. మంట మీద కాకుండా ఎదుటి అంచు నుంచి, సన్నటి ధారగా పోయాలి. ఒక్కసారిగా పోస్తే మట్టం పెరిగి వత్తి కొస మునుగుతుంది, దీపం కొండెక్కేది ఎక్కువగా అప్పుడే. ఆరేడు గంటలకోసారి కొసన పేరుకున్న మసిని ఇత్తడి పుల్లతో రాల్చి వత్తి ఎగదోయండి. ఆ పని చేసే ముందు పక్కన చిన్న ప్రమిదలో ఆ మంటతోనే ఇంకో దీపం వెలిగించి ఉంచుకుంటే, ఎగదోసేటప్పుడు పెద్దది కొండెక్కినా జ్యోతి తెగదు. వత్తి మార్చాల్సి వస్తే కొత్త వత్తిని నూనెలో తడిపి పాతదాని పక్కన పెట్టి, అంటుకుని నిలబడ్డాకే పాతది తీయండి.

గాజు చిమ్నీ పెడితే దాని అడుగున ఉన్న గాలి రంధ్రాలను పూలతో, బియ్యంతో మూయకండి. వేడెక్కిన గాజు మీద నీటి చుక్క పడితే పగులుతుంది.

కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఇంట్లో వెలిగించొచ్చా?

ఇంటి లోపల వద్దు. అన్ని వత్తులు ఒక్కసారే అంటుకుంటే మంట అడుగు ఎత్తుకు లేస్తుంది, గిన్నెలోని నెయ్యి మొత్తం మరిగి తనే మండటం మొదలవుతుంది. తులసి కోట దగ్గర, ఆరుబయట, అరచేయి కన్నా వెడల్పున్న మందపాటి మట్టి మూకుడులో, ఇసుక పరిచిన పళ్ళెం మీద పెట్టండి. గాజు గిన్నె, పల్చటి ప్రమిద పగులుతాయి. కట్టను ముందు రోజే నెయ్యిలో నానబెట్టి, మిగిలిన నెయ్యి వంపేయండి. మూకుడులో విడిగా నెయ్యి నింపనక్కరలేదు. చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకుని, పొడుగాటి ఊదుబత్తితో దూరం నుంచి వెలిగించండి.

ఉసిరి దీపం, పిండి దీపం కారిపోకుండా ఎలా చేయాలి?

ఉసిరికి: పెద్ద ఉసిరికాయ అడుగు పల్చగా కోసి నిలబడేలా చేసుకోండి. పైన బిళ్ళలా కోసి, చెంచా కొసతో గింజ తగిలేదాకా గుజ్జు తీయండి. తడి తుడిచి, నేతిలో ముంచిన చిన్న పువ్వొత్తి పెట్టండి. పట్టేది అర చెంచా నెయ్యే కాబట్టి ఎక్కువసేపు వెలగదు.

పిండి దీపానికి తడి బియ్యప్పిండి ఒక కప్పు, మెత్తగా తురిమిన బెల్లం అర కప్పుకు కాస్త తక్కువ, నెయ్యి ఒక చెంచా. నీళ్ళు పోయకుండానే కలపండి, బెల్లం తేమకే ముద్ద అవుతుంది. జారుగా అయితే పిండి, విరిగితే రెండు చుక్కల పాలు. గోడ వేలంత మందం ఉండాలి. పొడి పిండితో చేస్తే ఆరేకొద్దీ బీటలు వారి నెయ్యి కారిపోతుంది. చేసిన వెంటనే లోపల నెయ్యి రాసి నునుపు చేస్తే ఆ బెడద తగ్గుతుంది.

గాజు గిన్నెలో నీళ్ళ మీద నూనె పోసి వెలిగించడం మంచిదేనా?

మంచిదే, తేలే బిళ్ళకు వత్తి గుచ్చి పెట్టే పద్ధతిలో అయితే. నూనె నీటి కన్నా తేలిక కనుక పైన నిలుస్తుంది. గిన్నె ముప్పాతిక వంతు నీళ్ళు, పైన సెంటీమీటరు మందాన నూనె చాలు. నూనె అయిపోగానే వత్తి నీటికి తగిలి దీపం దానంతట అదే కొండెక్కుతుంది, గాజు వేడెక్కదు. ముక్కు ఉన్న కుందిలో మాత్రం నీళ్ళు పోయకూడదు, వత్తి అడుగు నీళ్ళలోనే ఉంటుంది.

దీపం ఎక్కడ పెట్టకూడదు?

వంటింటి అరలోనే దేవుడిని పెట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే నేల వెంబడి పరుచుకుంటుంది. సిలిండరు ఉన్న గదిలో నేల మీద దీపం పెట్టకండి. పొద్దున తలుపు తీయగానే గ్యాస్ వాసన వస్తే దీపమూ వద్దు, స్విచ్చూ వద్దు. ముందు కిటికీలు తెరిచి రెగ్యులేటరు ఆపండి.

చెక్క మందిరంలో మంట పైన అడుగున్నర కన్నా తక్కువ ఎత్తులో పలక ఉంటే అది రోజురోజుకూ లోలోపల మాడుతుంది. దీపాన్ని ముందుకు లాగి, మందిరం బయట ఇత్తడి పళ్ళెంలో పెట్టండి. ప్లాస్టిక్ పూలదండలు, పటాలకు వేసే జరీ గుడ్డలు, సీరియల్ లైట్ల తీగలు మంటకు దూరంగా ఉండాలి.

ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నూనె, నెయ్యి వాసనకు వచ్చి వెలుగుతున్న వత్తిని నోట కరుచుకుని పరుపుల కిందికో బీరువా వెనక్కో లాక్కుపోతాయి. ఎలుకలు తిరిగే ఇంట్లో చిమ్నీ గానీ జాలీ మూత గానీ తప్పనిసరి. ఇంట్లో ఎవరూ మేలుకుని లేనప్పుడు తెరిచిన దీపాన్ని వదలకండి.

కుందిలో నూనె మొత్తం అంటుకుంటే?

నీళ్ళు పోయకండి, మండే నూనె చిమ్ముతుంది. కుందిని ఎత్తుకుని పరుగెత్తకండి. కుందికి సరిపడే స్టీలు గిన్నెను పైన బోర్లించి, లోహం చల్లారేదాకా తీయకండి. పూజ గదిలో ఆ గిన్నె ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మంట గుడ్డలకు, చెక్కకు పాకితే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు వద్దు.

కుందుల జిడ్డు, నలుపు ఎంత తోమినా పోవడం లేదు.

క్రమం తప్పుతున్నారు. జిడ్డు ఉండగా చింతపండు ఎంత రుద్దినా పులుపు లోహానికి తగలదు. ముందు పాత గుడ్డతో నూనె తుడిచేయండి. శనగపిండి గానీ బియ్యప్పిండి గానీ చల్లి పొడిగానే రుద్దితే మిగతా నూనె పీల్చుకుంటుంది. ఎండి జిగురై బంకలా పట్టిన చోట మరిగే నీళ్ళలో లీటరుకు రెండు చెంచాల వంట సోడా వేసి పావుగంట నానబెట్టి, గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. జిడ్డు పూర్తిగా వదిలాకే నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, చిటికెడు ఉప్పు కలిపి రుద్దండి. పీతాంబరి లాంటి పొడి వాడినా ఇదే వరస.

ఉప్పు, పులుపు ఏ మూలన మిగిలినా రెండు రోజుల్లో ఆకుపచ్చ చిలుము పడుతుంది. మంచి నీళ్ళతో రెండుసార్లు కడిగి వెంటనే పొడి గుడ్డతో తుడవండి. గాలికి ఆరనిస్తే చుక్కల మచ్చలు వస్తాయి. స్టీలు పీచు వాడితే గీతలు పడి, ఆ గీతల్లోనే జిడ్డు చేరుతుంది.

వెండి కుందులకు విభూతి మెత్తగా రుద్దితే చాలు. బాగా నల్లబడితే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కుందిని దానికి తగిలేలా పెట్టి, వేడి నీళ్ళు, రెండు చెంచాల వంట సోడా వేయండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టే.

అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నవాళ్ళం. ఇక్కడ ఏం వాడాలి?

చైనీస్ వంటల అరలో దొరికే ముదురు గోధుమ రంగు నువ్వుల నూనె తేకండి. అది వేయించిన నువ్వుల నుంచి తీసింది, ఘాటు వాసన, పొగ. భారతీయ దుకాణంలో లేత రంగు నువ్వుల నూనె అడగండి. దొరకకపోతే ఆలివ్ నూనె నిశ్చింతగా వాడొచ్చు. మధ్యధరా సముద్ర తీర దేశాల్లో వేల ఏళ్ళు దానితోనే దీపాలు వెలిగించారు.

అద్దె ఇంటి ఒప్పందంలో మంటకు సంబంధించిన నిబంధన ఉందేమో ముందు చదవండి. విద్యార్థి వసతుల్లో చాలాచోట్ల అనుమతి లేదు. పొగ అలారం కింద దీపం పెట్టకండి, దానికి గుడ్డ కప్పడం, బ్యాటరీ తీయడం అసలే వద్దు. హీటరు గాలి నేల దగ్గరి రంధ్రాల నుంచి వచ్చే ఇళ్ళలో మంట వంగి పొగ చిమ్ముతుంది, ఆ రంధ్రాలకు దూరంగా చూసుకోండి. కార్పెట్ మీద ఒట్టి పళ్ళెం చాలదు. పింగాణీ పలక వేసి, దాని మీద ఇసుక పళ్ళెం, అందులో కుంది పెట్టండి.

మిగిలిన నూనె, కాలిన వత్తులు ఏం చేయాలి?

తేటగా ఉంటే పల్చటి గుడ్డలో వడకట్టి మరునాడు కొత్త నూనెతో కలిపి వాడుకోవచ్చు. నల్లబడి జిగురుగా ఉంటే తలుపు బందులకూ తాళాలకూ వేయకండి, ఎండి బంకగా పట్టేస్తుంది. సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది. పాత వత్తులకే ఆ నూనె పీల్పించి, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. వేసే ముందు వత్తి కొసను తడి వేళ్ళతో నులిమి చూడండి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు కణిక చాలాసేపు ఉంటుంది.